అందింది అనేదాకా

సోమవారం, పొద్దుటి పోటు

దినచర్య రాసే పలక తెరవగానే కొండమీది ఆఫీసువారి ప్రశ్న కనబడుతుంది: "ఈ రోజు రెండు పడవల మధ్య సహకారం ఎలా ఉంది?" దీనికి జవాబు రాయకపోతే కింది గడులు తెరుచుకోవు. రాస్తున్నాను. సహకారం బ్రహ్మాండంగా ఉంది. మోకు తెగలేదు కాబట్టి రెండు పడవలూ పక్కపక్కనే ఉన్నాయి.

నేను సర్కారు ఆసుపత్రి పంటు మీద డ్యూటీ డాక్టర్ని. పేరు పెమ్మాడి సుభాషిణి. పొద్దున లేవగానే నా మొదటి పని రోగులు కాదు, మోకు. అమలాపురం గడియార స్తంభం కొస ఒక్కటే ఇప్పుడు నీళ్ళ మీద కనిపిస్తుంది. మా రెండు పడవలూ దానికే కట్టి ఉంటాయి. పోటు వచ్చినప్పుడు మోకు వదులు చేయాలి, పాటు తీసినప్పుడు బిగించాలి. తర్వాత రాత్రి కురిసిన నీళ్ళు వార్డులోంచి తోడిపోయాలి. దుప్పట్లు ఆరేయాలి, అవి ఆరవు. ఆ తర్వాతే వైద్యం.

మా పంటు మీద డాక్టర్లు, నర్సులు, మంచాలు, మందులు ఉంటాయి. పక్కన నీలాంబరి అనే కంపెనీ పడవ. ఆపరేషన్ గది, స్కాన్, ఆక్సిజన్ అంతా దాని మీదే. జబ్బు కనిపెట్టడం మా వంతు, కోయడం వాళ్ళ వంతు, కోసిన మనిషిని మళ్ళీ నిలబెట్టడం మా వంతు. ఒప్పందం అలా రాశారు. రాసినవాళ్ళు కొండమీద ఉన్నారు. వాళ్ళ కాళ్ళు తడవవు.

రెండు పడవలకీ మధ్య ఒక బల్ల. రోగిని స్ట్రెచర్ మీద ఆ బల్ల దాటించాలి. కోనసీమలో పడవ నుంచి పడవకి ఏది అందించినా, చేపల గంప కానీ చంటిపిల్ల కానీ, ఇచ్చేవాడు చేయి వదలడు. పుచ్చుకునేవాడు "అందింది" అనాలి. అప్పుడే వదలాలి. నడక కంటే ముందు మాకు ఇదే నేర్పుతారు. ఉప్పుగాలికి కాగితాలన్నీ బూజుపట్టి పోయాక, సంతకాల బదులు ఈ మాటనే ఒప్పందంలోకి ఎక్కించారు. బల్ల పక్కన కర్రకి ఆ మాట విని నమోదు చేసే పెట్టె ఒకటి బిగించారు. దాన్ని మేము చెవి అంటాం. మా వైపు నా గొంతు, వాళ్ళ వైపు సమన్వయకర్త గొంతు, ఈ రెండే దానికి పనికొస్తాయి. "అందింది" అన్నది ఎవరో వారిదే ఆ రోగి. అనేదాకా ఇచ్చినవారిదే.

రోగి పోతే, ఆ సమయానికి ఎవరి బాధ్యతలో ఉంటే ఆ పడవకి నల్లచుక్క. చుక్కలు మీరితే కంపెనీ పడవకి ఒప్పందం పోతుంది, మా పంటుకి లంగరు లేపేసి ఇక్కడి నుంచి తీసేస్తారు. అందుకని జారిపోకుండా పట్టుకోవడానికి పుట్టిన మాటని ఇప్పుడు అసలు పట్టుకోకుండా ఉండటానికి వాడుతున్నాం.

అవతలి సమన్వయకర్త ఓలేటి గణపతి. మావాడే, గోగులంక కుర్రాడు. గోగులంక మునిగాక కంపెనీలో చేరాడు. ఇవాళ కాలి పుండు కుళ్ళిన ముసలాయన్ని బల్ల దాకా మోసుకెళ్ళాను. కంపెనీవాళ్ళు రోగి చేతికి జ్వరం, నాడి చూసే ఒక కడియం తొడుగుతారు. పచ్చ వెలిగితే తీసుకుంటారు. పసుపు, ఎరుపు అయితే తీసుకోరు.

"పసుపు ఉందండి. పచ్చ అయ్యాక తీసుకురండి," అన్నాడు గణపతి, చేతులు వెనక్కి కట్టుకుని.

"పచ్చగా ఉంటే నీ దగ్గరికి ఎందుకు తెస్తానురా, పేరంటానికా?"

"రూలండి. నేనేం సేత్తానండి."

ముసలాయన ఇంటికి పోయి మళ్ళీ వస్తానన్నాడు. ఆయన వచ్చే రకం కాదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

మంగళవారం, రాత్రి

సహకారం ఎలా ఉంది? చాలా బాగుంది. ఇవాళ ఇద్దరం కలిసి ఒకే కడుపుని చూశాం. ఇద్దరం ఒకే మాట చెప్పాం. ఎవరం ఏమీ చేయలేదు.

వచ్చినావిడ పేరు వీరవేణి. ముప్పై దాటి ఉంటాయి. పీతల బోనులు అల్లుతుంది. ఈ లంకల్లో ఆమె బోనంటే పీతలే వెతుక్కుంటూ వచ్చి దూరతాయని అంటారు. మొగుడు దొరబాబు తెడ్డు వేసుకుంటూ తీసుకొచ్చాడు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వాంతులు. చేయి వేస్తే ఎగిరిపడింది.

"తొరగా సూసి పంపెయ్యండి డాక్టరమ్మా. బోనులన్నీ నీళ్ళల్లోనే ఉండిపోయాయి. పీతలు ఒకదాన్నొకటి తినేత్తాయి," అంది పళ్ళు బిగించి.

"ముందు నిన్ను నువ్వు తినకుండా చూద్దాం," అన్నాను. నవ్వబోయి మూలిగింది.

స్కాన్‌కి "అందింది" అనక్కర్లేదు. యంత్రాన్ని బల్ల చివరి దాకా తోసుకొస్తారు. మనిషి మా అంచునే పడుకుంటుంది. యంత్రం చేయి చాపి చూస్తుంది. వాళ్ళ సర్జన్ షాహిదా తెర చూసి బల్ల అవతలి నుంచే చెప్పింది. ఆవిడా నేనూ ఒకే కాలేజీ.

"అపెండిక్స్‌లో చీము నిండిపోయింది సుభా. ఇవాళే తీసెయ్యాలి. పగిలితే కష్టం."

"మరి తీసుకో."

"నేనంటే చెవి ఒప్పుకోదుగా. గణపతి అనాలి."

గణపతి కడియం చూశాడు. పసుపు. జ్వరం తగ్గి పచ్చ వెలిగాక తీసుకుంటామన్నాడు. చీము తీయకుండా జ్వరం తగ్గదు, జ్వరం తగ్గకుండా చీము తీయరు. ఈ ముక్క అతనికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తల ఊపాడు. అర్థం కాలేదని కాదు.

సాయంత్రం మా సూపరింటెండెంట్ చయనులు గారు వార్డులోకి వచ్చారు. పెద్దాయన, నెమ్మదస్తుడు, ఎప్పుడూ తడి తగలని చెప్పులు వేసుకుంటారు. "జ్వరం బిళ్ళ గట్టిగా వేసి, తడిగుడ్డలు చుట్టండి. ఒక గంట పచ్చ వెలుగుతుంది. ఆ గంటలో అప్పగించేయండి. అన్ని పంటుల మీదా చేసేదే కదండీ," అన్నారు.

అది మోసం. వాళ్ళు మోసం చేస్తున్నారని నేను అరుస్తుంటాను కాబట్టి ఇది కూడా ఇక్కడ రాస్తున్నాను. నేను బిళ్ళ వేశాను.

బుధవారం, పాటు తీసే వేళ

సహకారం గురించి ఇవాళ నన్ను అడక్కండి.

వీరవేణికి తెల్లారి నుంచి తడిగుడ్డలు మార్చాం. దొరబాబు గుడ్డలు పిండి ఇస్తూ కూర్చున్నాడు. ఎండ ఎక్కేసరికి కడియం పచ్చగా వెలిగింది. స్ట్రెచర్ తల వైపు నేను, కాళ్ళ వైపు దొరబాబు. బల్ల మీదకి పరుగెత్తినట్టే వెళ్ళాం. నీలాంబరి అద్దాల వెనక షాహిదా చేతులు కడుక్కుని నిలబడి ఉంది.

గణపతి కడియం చూశాడు. నా ముఖం చూశాడు. వీరవేణి నుదుటి మీది తడి చూశాడు.

"ఇంకాసేపు ఆగుదామండి."

"పచ్చగా ఉంది కదా. పట్టుకో."

"పచ్చే అండి. నిలబడుద్దో లేదో సూద్దాం."

నిలబడ్డాం. ఎండ నడినెత్తికి వచ్చింది. దొరబాబు పట్టు మార్చుకుంటున్నాడు. వీరవేణి కళ్ళు మూసుకుని బోనుల పేర్లు చెప్పుకుంటోంది. ఒక్కో బోనుకి ఆమె పేరు పెట్టుకుంటుందట. మా కళ్ళ ముందే పచ్చ పసుపయింది, పసుపు ఎర్రబడింది.

"సూశారా అండి," అన్నాడు గణపతి. అతని గొంతులో సంతోషం లేదు. ఉన్నా బాగుండేది, తిట్టడానికి వీలయ్యేది.

అయినా తిట్టాను. "సిగ్గులేదురా? మీ తాత వలలు మా నాన్న పడవలోకి అందించినవాడు. వాన పడుతున్నా, ఆయన ముసలి చేతులు అదిరిపోతున్నా, మాట వినేదాకా వదిలేవాడు కాదు. నువ్వు ఆయన మనవడివి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం ఎవరు నేర్పారు నీకు?"

"కంపెనీవాళ్ళండి," అన్నాడు అతను నేల చూస్తూ. "మొదటి నెలంతా అదే నేర్పారండి. ఖాళీ గంపలు నాకేసి చాపేవోళ్ళండి. నేను పట్టుకుంటే ఆ పూట తిండి లేదండి. పట్టుకోకుండా ఉండటం వచ్చేదాకా నేర్పారండి."

జాలి పడదామంటే స్ట్రెచర్ మీద మనిషి ఉంది. వెనక్కి తీసుకొచ్చాం.

చయనులు గారు గుమ్మంలో నిలబడి, "ప్రయత్నించారు కదా. అదే రాయండి," అన్నారు. రాశాను. ప్రయత్నించాం. చూసుకోండి, ఎంత బాగుందో చదవడానికి.

గురువారం, తపాలా లాంచీ వచ్చిన తర్వాత

పొద్దున వీరవేణి నొప్పి తగ్గిపోయిందంది. దొరబాబు ముఖం వెలిగింది. నేను మళ్ళీ కడుపు మీద చేయి వేశాను. అపెండిక్స్ పగిలినప్పుడే అలా కాసేపు తగ్గుతుంది. గడియ తిరక్కుండానే కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. కడియం ఎరుపులో వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఏం చేద్దామని చయనులు గారిని అడిగాను. ఆయన కొండమీదికి కబురు పెట్టారు. కొండమీది నుంచి "రెండు పక్షాలూ సహకరించుకోవాలి" అని జవాబు వచ్చింది. అయ్యలారా, ఆ వాక్యం రాయడానికి మీలో ఎంతమంది కూర్చున్నారు?

ఇప్పుడు నేను చేసింది రాస్తున్నాను. ఎవరూ నాతో చేయించలేదు.

మధ్యాహ్నం పూట తపాలా లాంచీ గడియార స్తంభం చుట్టూ తిరిగి వెళుతుంది. దాని అల తగిలితే బల్ల రెండు చివర్లా ఎగురుతుంది. ఆ సమయంలో బల్ల మీద ఎవరూ ఉండకూడదని నియమం. లాంచీ కూత వినపడగానే నేను దొరబాబుతో, "కాళ్ళు దూరం పెట్టి నిలబడు. ఏం జరిగినా నీ చివర వదలకు," అన్నాను. వీరవేణిని రెండు చోట్ల పట్టీలు వేసి స్ట్రెచర్‌కి కట్టాను. బల్ల మీదకి వెళ్ళాం. కాళ్ళ వైపు దొరబాబు. తల వైపు నేను ఈసారి ఒక పక్కకి జరిగి పట్టుకున్నాను, కర్రలు గణపతికి అందేంత దగ్గరగా ఉండేట్టు.

"ఎర్రగా ఉందండి! వెనక్కెళ్ళండి! లాంచీ వత్తంది!"

"నాకు వినపడింది," అన్నాను.

అల వచ్చింది. బల్ల మా వైపు లేచింది, వాళ్ళ వైపు దిగింది. స్ట్రెచర్ తల వైపుకి జారిపోయింది. వీరవేణి అరిచింది. దొరబాబు మోకాళ్ళ మీద పడ్డాడు కానీ వదల్లేదు. ఆ క్షణంలో గణపతి చేతులు వెనక నుంచి ముందుకు వచ్చేశాయి. రెండు కర్రలూ ఒడిసిపట్టాడు. నడుము వంచి, కాలు అంచుకి తన్నిపెట్టి, గొంతు చించుకుని అరిచాడు:

"అందింది!"

నా చేతులు వాటంతట అవే వదిలేశాయి. ఆ మాట వింటే వదలడం వాటికి అలవాటు. చెవి మీద వాళ్ళ వైపు దీపం వెలిగింది. గణపతి ఒక్కడే స్ట్రెచర్‌ని గుండెకి ఆనించుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. దొరబాబు దానితోపాటే కొట్టుకుపోయాడు. షాహిదా తలుపు కాలితో తన్ని తెరిచింది. అంతే, లోపలికి వెళ్ళిపోయారు.

అల సర్దుకున్నాక గణపతి బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. చేతులు వాచి ఉన్నాయి.

"కావాలనే సేశారు కదండీ."

"అవును."

"సేయి జారితే ఆవిడ సచ్చిపోయేదండి."

"తెలుసు. జారదని కూడా తెలుసు. గోగులంకవాడి చేతులు కదా."

"నా పని పోయిందండి. మా అమ్మ కంపెనీ గదుల్లో ఉంటందండి. రేపు సామాను బయటెడతారు." నీళ్ళకేసి తిరిగి, "మీరు మంచోరు కాదండి డాక్టరమ్మా," అన్నాడు.

కాదు. ఆ మాట కూడా ఇక్కడ ఉండాలని రాశాను.

శుక్రవారం, పొద్దుటి పోటు

షాహిదా బతికించింది. కడుపంతా చీమే, కడిగి కడిగి కుట్టానంది. అయితే ఒంట్లో విషం ఇంకా దిగలేదు, జ్వరం ఉంది, బీపీ నిలవడం లేదు. ఒప్పందం ప్రకారం కుట్లు పడ్డ మర్నాడు రోగిని మాకు తిరిగి అప్పగించాలి. ఆపరేషన్ బాగా జరిగింది కాబట్టి వాళ్ళ పని అయిపోయింది. ఇక్కడి నుంచి ఆమె చనిపోతే ఆ చావు ఎవరిదన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

చయనులు గారు నన్ను పక్కకి పిలిచారు. మొదటిసారి ఆయన చెప్పులు తడిసి కనిపించాయి. పొద్దున మోకు ఆయనే వదులు చేశారట.

"ఆ అమ్మాయి కడియం ఇంకా ఎర్రగానే ఉంది. మీరు మాట అనకండి. వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. ఆక్సిజన్ కూడా అక్కడే ఉందాయె."

"మనం తీసుకోకపోతే వాళ్ళు లోపల పెట్టుకుంటారా? బల్ల మీదే ఉంచుతారు."

"సుభాషిణి గారూ, ఇంకొక్క చుక్క పడితే మన లంగరు లేపేస్తారు. ఈ లంకలన్నిటికీ ఉన్నది మనమే. రేపు ఇంకొక కడుపు నొప్పి వస్తే ఎవరు చూస్తారు? మీ కోపం చూస్తుందా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన్ని అసహ్యించుకోవడానికి నాకు ఏ ఆధారమూ దొరకలేదు, అందుకే మరీ కోపం వచ్చింది.

బల్ల అవతల గణపతి. ఇదే అతని ఆఖరి డ్యూటీ. కొత్త సమన్వయకర్త పీఠభూమి నుంచి వచ్చాడట, అద్దాల వెనక నిలబడి చూస్తున్నాడు. ఒక్కసారైనా చేపల గంప పట్టుకున్న మనిషిలా లేడు. వాళ్ళ సహాయకుడు ఒకడు కాళ్ళ వైపు మోసుకొచ్చి బల్ల మీదికి తోసి వెనక్కి వెళ్ళిపోయాడు. స్ట్రెచర్ ముందు కర్రల కొసలు మా అంచుకి ఆనాయి. వెనక బరువంతా గణపతి ఒక్కడి చేతుల్లో ఉంది. నిన్న వాచిన చేతులు అవి.

నేను స్ట్రెచర్ పట్టుకున్నాను. మాట అనలేదు.

దొరబాబు నా పక్కనే నిలబడి నా నోటికేసి చూస్తున్నాడు. వీరవేణి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచి నన్ను చూసింది. చయనులు గారు వెనక గుమ్మంలో ఉన్నారు. చెవి ఎదురు చూస్తోంది. నా నోట్లో నాలుక ఆడలేదు. మూడు రోజులుగా గణపతిని నిలబెట్టి తిట్టిన ఆ నోరే.

"సెప్పండి డాక్టరమ్మా," అన్నాడు గణపతి.

నేను వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూశాను.

"సెప్పకపోయినా నేను కింద ఎట్టనండి." అతని మోచేతులు అదురుతున్నాయి. నుదుటి చెమట కళ్ళల్లోకి కారుతోంది. "మీరు అనేదాకా నేను ఒదలనండి. పొద్దుగూకినా సరే ఒదలను. మా తాత కూడా ఒదిలేవోడు కాదన్నారు కదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఊరికే చెప్పాడు. వదిలేస్తే అతనికి పోయేది ఏమీ మిగల్లేదు. పని ఇప్పటికే పోయింది. బరువు కింద పెట్టి, సామాను తీసుకుని, పడవ ఎక్కి వెళ్ళిపోవచ్చు. అతను నా నోటి నుంచి రావలసిన ఒక్క మాట కోసం అక్కడ నిలబడి ఉన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు.

"అందింది," అన్నాను. చాలలేదనిపించింది. చెవికి దగ్గరగా ముఖం పెట్టి మళ్ళీ అరిచాను. "అందింది! పెమ్మాడి సుభాషిణికి అందింది!"

గణపతి చేతులు వదిలాయి. అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

శనివారం

వీరవేణి కడియం ఇంకా పచ్చ కాలేదు. ఎరుపు నుంచి పసుపుకి వచ్చింది, మళ్ళీ ఎరుపుకి పోయింది, ఇప్పుడు పసుపులో ఉంది. షాహిదా ఆక్సిజన్ గొట్టం ఒకటి బల్ల మీదుగా మా వార్డులోకి లాగించింది. ఒప్పందంలో అది లేదు. గొట్టం గురించి కొత్త సమన్వయకర్త కంపెనీకి ఫిర్యాదు పంపాడట. పంపనివ్వండి.

గణపతీ, వాళ్ళమ్మా మా పంటు మీదే ఉన్నారు. తడి దుప్పట్ల గదిలో చాప వేసుకున్నారు. అతను నాతో మాట్లాడడు. పొద్దున మోకు వదులు చేయడానికి నా కంటే ముందే లేచాడు. నేను పలకరిస్తే ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకోనీ, అది అతని హక్కు.

ఇందాక వీరవేణి కళ్ళు తెరిచి బోనుల సంగతి అడిగింది. దొరబాబు తీయడానికి వెళ్ళాడని చెప్పాను. "పెద్దదాన్ని ముందు తియ్యమనండి, దానికి తలుపు బిగువు," అంది. మంచినీళ్ళు అడిగింది. చెంచాతో పట్టాను.

ఇక మీ ప్రశ్న. సహకారం ఎలా ఉంది? ఒక మనిషి బరువు ఒకవైపు గణపతి మోశాడు, ఇంకోవైపు నేను మోశాను. మధ్యలో మీరు రాసిన ఒప్పందం ఉంది. దానికి చేతులు లేవు.

చుక్క పడుతుందో లేదో నాకు తెలియదు. లంగరు లేపేయాలనుకుంటే లేపేయండి. కానీ కొండ దిగి వచ్చి లేపండి. ఎప్పటిలా ఈ దినచర్యని తపాలా లాంచీలో పంపను. పలక నా చేతుల్లోనే ఉంటుంది. మీలో ఎవరైనా ఒకరు ఈ బల్ల మీదికి వచ్చి, కాళ్ళు తడుపుకుని, పలక అవతలి అంచు పట్టుకుని ఆ మాట అనండి. నేను వింటాను. అంతదాకా నేను వదలను.